ప్యాకెట్ వడపోత: ఊరి రౌటర్ దగ్గర నీరుగంటి

ప్యాకెట్ ఫిల్టర్ అంటే రౌటర్‌లో రాసిపెట్టిన నియమాల వరుస. రౌటర్ గుండా పోయే ప్రతి ప్యాకెట్ (సమాచారపు చిన్న మూట) తలభాగాన్నీ చూసి, దాన్ని ముందుకు పంపాలో అక్కడే పారేయాలో ఆ వరుస తేలుస్తుంది. ప్యాకెట్ లోపల ఉత్తరముందా, ఫొటో ఉందా, సినిమా ముక్క ఉందా అన్నది దానికి పట్టదు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతోంది, ఏ పని మీద పోతోంది అన్నవే చూస్తుంది. జనం ఫైర్‌వాల్ అని పిలిచే వ్యవస్థలో ఇదే అన్నిటికంటే పాత భాగం. ఇంట్లో గోడకు తగిలించిన వైఫై పెట్టె మొదలుకొని ఖండాల మధ్య కేబుళ్లను కలిపే రౌటర్ల దాకా ఏదో ఒక రూపంలో ఇది పనిచేస్తూనే ఉంటుంది.

ఈ పని అర్థం కావాలంటే ఒక ఊరి చెరువు దగ్గరికి వెళ్లాలి. కంబదూరు అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గానికి దక్షిణంగా, కర్ణాటక సరిహద్దుకు దగ్గరలో ఉన్న మండల కేంద్రం. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన పడితే సగటు ఏడాది అనుకునే జిల్లా ఇది. ఎర్రనేలల్లో వేరుశనగ, బోర్లలో అడుగంటిన నీళ్లు. ఇలాంటి సీమలో చెరువు నిండిన ఏడు నీళ్లు పంచడం ఆషామాషీ పని కాదు. ఆ పని చేసేవాణ్ని నీరుగంటి అంటారు. తూము తెరిచేదీ మూసేదీ అతనే. ఏ మడి తర్వాత ఏ మడి, ఎవరికి ఎంతసేపు అన్నది ఊరు ఒప్పుకున్న వరుస. నీళ్లు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా అని అతను చూడడు. ఏ కాలవలోకి, ఎవరి వంతు అన్నదే చూస్తాడు. ప్యాకెట్ ఫిల్టర్ పనీ దాదాపు ఇదే. కాకపోతే నీరుగంటికి ఊరు తెలుసు, ఎక్కడా రాయని సంగతులు కూడా తెలుసు. రౌటర్‌కు రాసిందే తెలుసు. ఈ వ్యాసంలో చెప్పుకోబోయే చిక్కులన్నీ దాదాపుగా ఆ ఒక్క తేడాలోంచి పుట్టినవే.

ఆంధ్రప్రదేశ్ పల్లెలకు ఇంటర్నెట్ తీగ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగా వచ్చింది. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్, నేల తవ్వే ఖర్చు లేకుండా విద్యుత్ స్తంభాలపై సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్ లాగి, సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టి, విశాఖపట్నం నుంచి పర్యవేక్షించే ఏర్పాటు చేసింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్న ధర అప్పట్లో ఊరూరా మాట్లాడుకున్న సంగతి. చివరి తీగను ఇంటింటికీ చేర్చింది మాత్రం స్థానిక కేబుల్ ఆపరేటర్లు. అంతవరకు టీవీ సిగ్నల్ పంచిన చేతులకు రౌటర్ కూడా వచ్చి పడింది. బాక్స్ బిగించడం, స్ప్లైసింగ్ చేయడం, సిగ్నల్ చూడడం వాళ్లకు త్వరగానే పట్టుబడింది. నియమాలు రాయడం వేరే విద్య.

తలభాగంలో ఏముంటుంది

సరిహద్దు చెక్‌పోస్టులో లారీ ఆపినవాడు మూటలన్నీ విప్పడు. వే బిల్లు చూస్తాడు. ప్యాకెట్‌కు వే బిల్లు దాని తలభాగం. 1981 సెప్టెంబరులో ఖరారైన నాలుగో వెర్షన్ ఇంటర్నెట్ ప్రోటోకాల్ ప్రకారం ఆ తలభాగం కనీసం 20 బైట్లు. పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా, లోపల ఏ రకం రవాణా ఉందో చెప్పే అంకె అందులోనే ఉంటాయి. ఆ అంకె 6 అయితే టీసీపీ, 17 అయితే యూడీపీ, 1 అయితే పింగ్‌నూ రౌటర్ల కబుర్లనూ మోసే ఐసీఎంపీ. టీసీపీ, యూడీపీల్లో మరో పొర తీస్తే పోర్టు నంబర్లు కనిపిస్తాయి. వెబ్‌సైట్లకు 80, 443. పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌కు 53. గడియారం సరిచేసే ఎన్‌టీపీకి 123. దూరం నుంచి పరికరంలోకి లాగిన్ అయ్యే పాత టెల్నెట్‌కు 23. పోర్టు నంబరు 65,535 దాటదు, ఎందుకంటే దానికి కేటాయించిన చోటు 16 బిట్లే.

వీటితోపాటు టీసీపీలో చిన్న జెండాలుంటాయి. కొత్తగా మాట కలిపే ప్యాకెట్‌కు సిన్ జెండా, జవాబుగా వచ్చేవాటికి ఆక్ జెండా. తొలినాళ్ల ఫిల్టర్లు ఈ జెండాను చూసే 'ఇది లోపలివారు అడిగితే వచ్చిన జవాబు' అని నమ్మేవి. ఆక్ జెండా తగిలించుకొని వచ్చిన దొంగ ప్యాకెట్‌ను కూడా అవి అలాగే నమ్మేవి. యూడీపీలోనైతే జెండాలే లేవు.

ఈ లోపాన్ని తీర్చడానికి వచ్చిందే స్టేట్‌ఫుల్ పద్ధతి. లోపలి నుంచి ఎవరు ఎవరితో మాట కలిపారో రౌటర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ ఆ పట్టికలోని సంభాషణకు చెందితేనే లోపలికి వస్తుంది. 1994లో చెక్‌పాయింట్ అనే ఇజ్రాయెల్ సంస్థ తెచ్చిన ఫైర్‌వాల్-1తో ఈ పద్ధతి బజారులోకి వచ్చింది. ఈ పట్టిక ఉచితం కాదు, జ్ఞాపకశక్తి తింటుంది. లినక్స్‌లో ఒక టీసీపీ సంభాషణ మౌనంగా ఉన్నా మామూలు అమరికలో 5 రోజుల దాకా దాని పేరు పట్టికలో ఉంటుంది. చిన్న రౌటర్‌లో పట్టిక నిండితే కొత్త సంభాషణ ఏదీ మొదలు కాదు. పాత వీడియో సాగుతూనే ఉంటుంది, కొత్త పేజీ మాత్రం తెరుచుకోదు. వినియోగదారుడు 'నెట్ సగం వస్తోంది' అని ఫోన్ చేసేది ఇలాంటప్పుడే.

ఎక్కడ పుట్టింది

ప్యాకెట్ ఫిల్టర్ పుట్టింది కాపలా కోసం కాదు. 1980లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మైక్ అసెట్టా, రిక్ రషీద్ దీని తొలిరూపాన్ని రాశారు. కంప్యూటర్‌కు వచ్చిన ప్యాకెట్‌ను అందులో నడుస్తున్న ఏ ప్రోగ్రాముకు అందించాలో తేల్చడం దాని పని.   1987లో జెఫ్రీ మొగల్ ఆ ఇద్దరితో కలిసి ఈ పద్ధతిని వివరిస్తూ వ్యాసం ప్రచురించాడు.

1988 నవంబరు 2న మోరిస్ వర్మ్ అనే, తనంతట తానే పాకే ప్రోగ్రాము వేల కంప్యూటర్లను స్తంభింపజేసింది. అప్పటిదాకా ఇంటర్నెట్ అంటే ఒకరినొకరు ఎరిగిన పండితుల పేట. తలుపులకు గడియలు అవసరమని ఆ రాత్రి తర్వాత తెలిసింది. మరుసటి ఏడాదే మొగల్ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఉంటూ గేట్‌వే దగ్గర ప్యాకెట్లను ఆపే ప్రోగ్రామును వివరించాడు. 1992లో బ్రెంట్ చాప్‌మన్ రాసిన వ్యాసం రౌటర్ కంపెనీలను నిలదీసింది: ఫిల్టర్ మంచి సాధనమే, కానీ దాన్ని తప్పు లేకుండా రాయడం మనిషికి కష్టమయ్యేలా తయారుచేశారన్నది అతని ఫిర్యాదు. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ ఫిర్యాదుకు పూర్తి జవాబు రాలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలలో స్టీవెన్ మెకేన్, వాన్ జాకబ్‌సన్ 1992లో బర్క్లీ ప్యాకెట్ ఫిల్టర్ రాశారు. లినక్స్‌లో ఐపీచెయిన్స్ 1999లో, రస్టీ రసెల్ నేతృత్వంలో వచ్చిన ఐపీటేబుల్స్ 2001లో, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ 2014లో వచ్చాయి. ఓపెన్‌బీఎస్‌డీకి డేనియల్ హార్ట్‌మేయర్ రాసిన పీఎఫ్ 2001లో వచ్చింది. ఇళ్లలో ఉన్న చవక వైఫై పెట్టెల్లో చాలావాటి లోపల నడిచేది లినక్స్ ఫిల్టరే.

వరుసే ప్రాణం

సిస్కో రౌటర్లలో ఈ నియమాల పట్టికను యాక్సెస్ లిస్ట్ అంటారు, జూనిపర్‌లో ఫైర్‌వాల్ ఫిల్టర్ అంటారు, కేబుల్ ఆపరేటర్లు ఎక్కువగా వాడే మైక్రోటిక్‌లో ఫిల్టర్ రూల్స్ అంటారు. లాత్వియా రాజధాని రీగాలో 1996లో మొదలైన ఈ మైక్రోటిక్ సంస్థ పెట్టెలు తక్కువ ధరకే పెద్ద రౌటర్ల పనులు చేయడం వల్ల మన చిన్న పట్టణాల దాకా వచ్చాయి. పేరు ఏదైనా సూత్రం ఒకటే. రౌటర్ మొదటి నియమం నుంచి కిందికి చదువుతుంది. ఏ నియమం ముందు సరిపోతే దాని తీర్పే ఖాయం. ఆ కిందివి ఇక చూడదు.

అందుకే మంచి నియమాలే తప్పు వరుసలో ఉంటే చెడు ఫలితమిస్తాయి. 'లోపలి కంప్యూటర్లన్నీ బయటికి పోవచ్చు' అని రెండో వరుసలో రాసి, 'కెమెరా రికార్డర్ బయటికి పోకూడదు' అని మూడో వరుసలో రాస్తే, మూడోది ఎన్నటికీ పనిచేయదు. కాగితం మీద చూస్తే మాత్రం రికార్డర్‌ను ఆపినట్టే ఉంటుంది. నీడలో పడిన నియమం అంటారు దీన్ని. నీరుగంటి అయితే 'అయ్యా, ఇందాక అందరికీ అన్నారు, ఇప్పుడు ఈయనకు వద్దంటున్నారు' అని అడిగేవాడు.

పట్టిక చివర ఏముందన్నది ఇంకా ముఖ్యం. సిస్కో యాక్సెస్ లిస్టు చివర కంటికి కనిపించని ఒక నియమం ఉంటుంది: పైన ఒప్పుకోనిదంతా పారేయి. ఒక్క అనుమతి కూడా లేకుండా ఒకే ఒక నిషేధం రాసి తగిలిస్తే, ఆ దారిలో మొత్తం రాకపోకలు ఆగిపోతాయి. మైక్రోటిక్‌లో తీరు తలకిందులు. ఏ నియమానికీ చిక్కని ప్యాకెట్ లోపలికి వచ్చేస్తుంది; చివర 'మిగతావన్నీ పారేయి' అని చేత్తో రాయాలి. ఒక పెట్టె మీద నేర్చుకున్నవాడు రెండో పెట్టె దగ్గర పొరపడేది ఇక్కడే.

చిరునామాల గుంపును చెప్పే పద్ధతిలోనూ సిస్కోకు ఒక విడ్డూరం ఉంది. 192.168.10.0 తో మొదలయ్యే 256 చిరునామాలను చెప్పాలంటే మామూలుగా రాసే 255.255.255.0 ని తిరగేసి 0.0.0.255 అని రాయాలి. అలవాటు కొద్దీ మామూలు రూపం రాస్తే రౌటర్ తప్పు చూపదు. చివరి అంకె సున్నా అయిన చిరునామాలను మాత్రమే పట్టుకుంటుంది, అసలు కంప్యూటర్లు ఒక్కటీ ఆ నియమంలోకి రావు.

ఒక చిన్న ఆఫీసుకు రాస్తే

కంబదూరులాంటి మండల కేంద్రంలో పది కంప్యూటర్లు, ఒక ప్రింటర్, నాలుగు కెమెరాల రికార్డర్, పని మీద వచ్చేవాళ్లకు వేరే వైఫై ఉన్న ఒక ఆఫీసును ఊహించుకుంటే పని స్పష్టమవుతుంది. ముందు రౌటర్ తలుపు తట్టకూడదు, కాగితం తియ్యాలి. ఇక్కడ ఎవరు ఏ పని చేస్తారు? సిబ్బంది ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరవాలి, ధ్రువపత్రాలు దించుకోవాలి, స్కాన్ చేసి పంపాలి. ప్రింటర్‌కు బయటి ప్రపంచంతో పని లేదు. రికార్డర్ దృశ్యాలు ఆఫీసులోనే చూస్తారా, అధికారి ఫోన్‌లోనూ చూడాలా? వైఫైకి వచ్చినవారికి ఆఫీసు కంప్యూటర్లు కనిపించాలా? ఈ జవాబులు ఏ రౌటర్ పుస్తకంలోనూ ఉండవు. ఆఫీసు అటెండరుకు తెలుస్తాయి.

జవాబులు దొరికాక సిబ్బంది పరికరాలను 192.168.10 వరుసలో, అతిథి వైఫైని 192.168.20 వరుసలో పెడతారు. 1996లో కేటాయించిన ప్రైవేటు చిరునామాల్లోవి ఇవి. బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. నియమాలు రెండు దొంతరలు. మొదటిది రౌటర్ కోసమే వచ్చే ప్యాకెట్లకు: నడుస్తున్న సంభాషణలకు సరే, పాత సంభాషణకు చెందక, కొత్తదీ మొదలుపెట్టని చెల్లని వాటికి కాదు, ఐసీఎంపీకి ఒక హద్దులో సరే, లోపలివారు అడిగే డీఎన్‌ఎస్‌కు సరే, రౌటర్‌ను సరిచేసే తలుపు ఒకే ఒక్క కంప్యూటర్‌కు సరే, మిగతా అంతా కాదు. రెండోది రౌటర్ గుండా పోయే వాటికి: నడుస్తున్న సంభాషణలు పోనీ, చెల్లనివి పారేయి, అతిథి వైఫై నుంచి సిబ్బంది వరుసకు వద్దు, ప్రింటరూ రికార్డరూ బయటికి వద్దు, ఆ తర్వాత సిబ్బందికీ అతిథులకూ బయటికి దారి, చివర మిగతా అంతా పారేయి. పన్నెండు, పదమూడు వరుసల్లో పని అయిపోతుంది.

నడుస్తున్న సంభాషణల నియమం అన్నిటికంటే పైన ఉండడానికి కారణముంది. రోజులో పోయే ప్యాకెట్లలో అత్యధికం అవే. మొదటి వరుసలోనే తీర్పు దొరికితే రౌటర్ మిగతావి చదివే శ్రమ తప్పుతుంది. పెద్ద రౌటర్లకు ఈ బాధ లేదు. వాటిలోని ప్రత్యేక చిప్పులు నియమాలన్నిటినీ ఒకేసారి పోల్చి చూస్తాయి. చవక పెట్టెకు ఉన్నది చిన్న ప్రాసెసర్. దానికి రెండు వందల నియమాలు ఎత్తితే సాయంత్రానికి నెట్ ఈడ్చుకుంటూ పోతుంది.

పొట్టి పట్టికకు మరో వాదన కూడా ఉంది. ఇజ్రాయెల్ పరిశోధకుడు అవిషాయ్ వూల్ 37 ఫైర్‌వాళ్ల అమరికలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించాడు. నియమాల చిక్కుదనం పెరిగేకొద్దీ తప్పులూ పెరిగాయని అందులో తేలింది.

ఎక్కడ చెడుతుంది

దూరం నుంచి రౌటర్‌ను సరిచేసే ప్రతి ఇంజనీరూ ఒక్కసారైనా తన తలుపు తానే మూసుకుంటాడు. అనంతపురంలో కూర్చుని కంబదూరు పెట్టెలో 'మిగతా అంతా పారేయి' అని చివరి వరుస ముందు రాసి, తనకు దారి ఇచ్చే వరుస తర్వాత రాద్దామనుకుంటే, ఆ రెండో వరుస రాసే అవకాశం రాదు. ఎంటర్ కొట్టగానే తెర బిగుసుకుపోతుంది. ఇక కల్యాణదుర్గం మీదుగా బైకు మీద వెళ్లి తీగ తగిలించి సరిచేయాలి. ఈలోపు అక్కడి పని ఆగినట్టే. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్ ఉంది: లింకు తెగితే చేసిన మార్పులు వాటంతటవే వెనక్కి పోతాయి. జూనిపర్‌లో మార్పును తాత్కాలికంగా అమలు చేసి, 10 నిమిషాల్లో మళ్లీ ఖాయం చేయకపోతే పాత అమరిక తిరిగి వస్తుంది. సిస్కోలో పాతకాలపు చిట్కా ఒకటుంది. 10 నిమిషాల తర్వాత రీలోడ్ అవమని ముందే చెప్పి, మార్పు భద్రపరచకుండా చేసి, అంతా బాగుంటే రీలోడ్‌ను రద్దు చేస్తారు. దూరపు ఊళ్ల రౌటర్ల మీద ఈ జాగ్రత్త లేకుండా ఫిల్టర్ ముట్టుకోవడం బాధ్యత లేనితనమే.

రెండో తప్పు మంచి ఉద్దేశంతో జరుగుతుంది. పింగ్‌తో ఎవరో వెతుక్కుంటూ వస్తారన్న భయంతో ఐసీఎంపీ మొత్తాన్ని ఆపేస్తారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ కనెక్షన్లలో ఒక ప్యాకెట్ పరిమాణం 1,500 బైట్లకు బదులు 1,492 బైట్లే. లోపలి కంప్యూటర్ నిండు 1,500 బైట్ల ప్యాకెట్ పంపితే, 'ఇది పట్టదు, చిన్నది చేసి పంపు' అని రౌటర్ ఐసీఎంపీ ద్వారానే కబురు చెప్పాలి. ఆ కబురు ఆగిపోతే విచిత్రమైన జబ్బు మొదలవుతుంది. లాగిన్ అవుతుంది, చిన్న పేజీలు తెరుచుకుంటాయి, స్కాన్ చేసిన పట్టాదారు పాసుపుస్తకం అప్‌లోడ్ చేస్తే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. కౌంటరు అవతల నిలబడ్డ రైతుకు 'సర్వర్ డౌన్' అని చెబుతారు. సర్వర్ బాగానే ఉంటుంది. ఐసీఎంపీలో ఆపదగినవి ఉన్నాయి, ఆపకూడనివి ఉన్నాయి. గంపగుత్తగా ఆపడం ఎప్పుడూ తప్పే. టీసీపీ ముక్కల పరిమాణాన్ని రౌటర్ దగ్గరే 1,452కి తగ్గించడం ఈ జబ్బుకు అదనపు చికిత్స.

డీఎన్‌ఎస్‌కు యూడీపీ 53 మాత్రమే తెరిచి టీసీపీ 53 మరవడం ఇంకొకటి. జవాబు పెద్దదైతే డీఎన్‌ఎస్ టీసీపీలోకి మారుతుంది. అప్పుడు కొన్ని వెబ్‌సైట్లే తెరుచుకోవు, మిగతావి బాగుంటాయి.

కరెంటు కోతలున్న ఊళ్లలో ఎన్‌టీపీ పోర్టు మూసేస్తే మరో చిక్కు. చిన్న రౌటర్లలో చాలావాటికి గడియారాన్ని కాపాడే బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. 123 పోర్టు గుండా సమయం అడిగి తెచ్చుకునే దారి లేకపోతే, ఆఫీసు వేళల్లోనే పనిచేయాల్సిన నియమాలు అర్ధరాత్రి లేస్తాయి, లాగ్‌లో తేదీలన్నీ తప్పుతాయి.

ఈ తప్పులు చిన్న ఊళ్ల సొత్తు అనుకోనక్కరలేదు. 2013 మార్చి 3న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఒక దాడిని ఆపడానికి తన రౌటర్లన్నిటికీ ఒక ఫిల్టర్ నియమం పంపింది. 99,971 నుంచి 99,985 బైట్ల మధ్య పొడవున్న ప్యాకెట్లను పారేయమన్నది ఆ నియమం. ఐపీ ప్యాకెట్ ఎంత పెద్దదైనా 65,535 బైట్లు దాటదు. అలాంటి ప్యాకెట్ లోకంలో ఉండదు కాబట్టి నియమం ఏమీ చేయకుండా కూర్చోవాలి. దానికి బదులు రౌటర్లు ఆ నియమాన్ని జీర్ణించుకోలేక జ్ఞాపకశక్తి అయిపోయి కూలాయి. ఆ సంస్థ సేవలు ప్రపంచమంతటా దాదాపు గంటసేపు ఆగాయి. 2020 ఆగస్టు 30న సెంచురీలింక్ అనే నెట్‌వర్క్ సంస్థలో జరిగింది దీనికి అన్నలాంటిది. అక్కడ పంపిన ఒక ఫిల్టర్ నియమం, రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ సంభాషణనే ఆపేసింది. సంభాషణ తెగితే నియమం పోతుంది, నియమం పోతే సంభాషణ మళ్లీ మొదలవుతుంది, దానితోపాటే ఆ నియమమూ మళ్లీ వస్తుంది. ఈ గిరగిర ఆపడానికి గంటలు పట్టింది.

పొరుగువారి కోసం పెట్టే ఫిల్టర్

ఫిల్టర్ అంటే మన ఇంటిని కాపాడేది అనే అనుకుంటారు. పొరుగును కాపాడే ఫిల్టర్లూ ఉన్నాయి, వాటికే శ్రద్ధ తక్కువ. 2000 మేలో ఇంటర్నెట్ ఇంజనీర్లు ఒప్పుకున్న మంచి పద్ధతి ఒకటుంది: మన నెట్‌వర్క్ నుంచి బయటికి పోయే ప్యాకెట్ మీద మన చిరునామానే ఉండాలి, వేరొకరి పేరు రాసుకొని పోయే ప్యాకెట్‌ను గడప దగ్గరే ఆపాలి. దొంగ చిరునామాలతో సాగే పెద్ద దాడులు ఈ ఒక్క నియమం లేని నెట్‌వర్కులను వెతుక్కుంటూ తిరుగుతాయి. ఆపరేటర్‌కు దీనివల్ల రూపాయి లాభం లేదు, రెండు నిమిషాల పని మాత్రమే. ఇది రాయని ఆపరేటరు తన తూము వదిలేసి పక్క ఊరి పొలం ముంచినట్టే.

2003 జనవరి 25న, మన గడియారంలో ఉదయం 11 గంటల వేళ, స్లామర్ అనే వర్మ్ బయలుదేరింది. దాని మొత్తం కోడు 376 బైట్లు. ఒక్క యూడీపీ ప్యాకెట్‌లో పట్టేసింది. పది నిమిషాల్లో దొరకగలిగిన కంప్యూటర్లలో 90 శాతాన్ని పట్టుకుంది. మందు వేసేంత సమయం ఎవరికీ లేదు. ప్రపంచమంతా రౌటర్ల దగ్గర కూర్చున్నవాళ్లు అది వచ్చే 1434 పోర్టును మూస్తూ పోయారు. ప్యాకెట్ ఫిల్టర్ గొప్పతనం అంత స్పష్టంగా కనిపించిన రోజు మరొకటి లేదేమో.

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాలనూ వీడియో రికార్డర్లనూ టెల్నెట్ పోర్టుల్లోంచి, ఫ్యాక్టరీ పాస్‌వర్డులతో పట్టుకుంది. అక్టోబరు 21న డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద వాటితో దాడి జరిగింది. ఆ మరుసటి ఏడు మే నెలలో వాన్నాక్రై అనే మాల్‌వేర్ 445 పోర్టు మీదుగా ప్రపంచాన్ని చుట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కాయి. జులైలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములు వేల సంఖ్యలో మూగబోయాయి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని మోడెముల మీద మాల్‌వేర్ దాడి అది. పాస్‌వర్డ్ మార్చుకోమని సంస్థ వినియోగదారులను కోరింది. 2018లో మైక్రోటిక్ పెట్టెలను సరిచేసే విన్‌బాక్స్ తలుపులో లోపం బయటపడింది. ఏప్రిల్‌లోనే కంపెనీ సరిచేసినా, కొత్త వెర్షన్ వేసుకోని పెట్టెలు ఆ తర్వాతి నెలల్లో లక్షల్లో దొంగల చేతికి చిక్కాయి. విన్‌బాక్స్ వాడే 8291 పోర్టును బయటివారికి మూసి ఉంచిన పెట్టెను, పాత వెర్షన్ అయినా, ఇంటర్నెట్ నుంచి ఆ దారిలో ఎవరూ ముట్టుకోలేకపోయారు.

కెమెరా రికార్డర్ విషయం మన ఊళ్లకు దగ్గరిది. దుకాణం మూసి ఇంటికి వెళ్లాక ఫోన్‌లో చూసుకోవాలన్న కోరిక న్యాయమైనదే. బిగించినతను దానికోసం రౌటర్‌లో పోర్టు ఫార్వర్డ్ చేసి లోకమంతటికీ తలుపు తీసి పోతాడు. అదే పని, తాళం వేసిన సొంత దారి అయిన వీపీఎన్‌తో చేస్తే రికార్డర్ తలుపు బయటికి కనిపించదు.

ఫిల్టర్‌కు అందనివి

ప్యాకెట్ ఫిల్టర్ తలభాగాన్నే చూస్తుంది కాబట్టి 443 పోర్టులో తాళం వేసి పోయే మంచీ చెడూ దానికి ఒకేలా కనిపిస్తాయి. సిబ్బందిలో ఒకరు దొంగ లింకు నొక్కితే ఆ సంభాషణ లోపలి నుంచే మొదలైంది కాబట్టి పట్టికలో చేరిపోతుంది. ఒక వెబ్‌సైట్‌ను ఆపాలని దాని ఐపీ చిరునామాను మూస్తే, అదే చిరునామాను పంచుకుంటున్న వందల సైట్లు కూడా మూతపడతాయి.

ఆరో వెర్షన్ ఇంటర్నెట్ ప్రోటోకాల్ వచ్చాక మరో పాత నమ్మకం చెదిరింది. నాలుగో వెర్షన్‌లో ఇంట్లోవాళ్లంతా ఒకే బయటి చిరునామాను పంచుకోవడం వల్ల బయటివారు నేరుగా లోపలికి రాలేకపోయేవారు. ఫిల్టర్ లేకపోయినా అదొక చాటు. ఆరో వెర్షన్‌లో ప్రతి ఫోనుకూ ప్రింటరుకూ లోకమంతా ఎరిగే సొంత చిరునామా ఉంటుంది. నాలుగో వెర్షన్‌కు పన్నెండు నియమాలు శ్రద్ధగా రాసి ఆరో వెర్షన్‌కు ఒక్కటీ రాయని పెట్టెకు ముందు తలుపు తాళం వేసి, వెనక దొడ్డి తలుపు తీసి ఉంచినట్టే. ఇక్కడ ఐసీఎంపీని మూస్తే చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే పక్క పరికరాన్ని కనిపెట్టే పని కూడా అదే చేస్తుంది.

లెక్కా పుస్తకం

ప్రతి నియమం పక్కనా రౌటర్ ఒక లెక్క ఉంచుతుంది: ఎన్ని ప్యాకెట్లు దీనికి చిక్కాయి అని. నీడలో పడిన నియమం లెక్క సున్నా దగ్గరే ఉండిపోతుంది. నియమం రాసినవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. పారేసిన ప్యాకెట్లను లాగ్‌లో రాయించవచ్చు కూడా. అన్నీ రాయిస్తే చిన్న పెట్టె ఊపిరాడక పోతుంది కాబట్టి నిమిషానికి ఇన్ని అని హద్దు పెడతారు. మన దేశంలో కంప్యూటర్ భద్రత ఘటనలను చూసే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీసు సంస్థలూ ప్రభుత్వ కార్యాలయాలూ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, గడియారాలను ఎన్‌టీపీ ద్వారా సరిచూసుకోవాలి, నిర్దేశించిన ఘటనలను 6 గంటల్లో తెలియజేయాలి.

నియమం పక్కన వ్యాఖ్య రాసే వీలు దాదాపు అన్ని పెట్టెల్లోనూ ఉంది. ఎవరడిగారు, ఎందుకడిగారు, ఏ తేదీన అన్నది అక్కడే రాసిపెడితే, ఆపరేటరు మారినా ఆఫీసు చేతులు మారినా ఆ వరుస అర్థమవుతుంది. ఎందుకుందో తెలియని నియమాన్ని తీసేయాలంటే ముందు దాన్ని చెరపకుండా ఆపి ఉంచి, ఎవరి పనైనా ఆగిందేమో చూస్తారు. పట్నంలో దీనికి వారం చాలంటారు. కంబదూరు లాంటి చోట వారం చాలదు. పింఛన్ల పని నెలకోసారి వస్తుంది. రాయితీ వేరుశనగ విత్తనాల పంపిణీ ఏడాదికోసారి, ఖరీఫ్ ముందు మే, జూన్ నెలల్లో వస్తుంది. ఆ రోజుల్లో మాత్రమే కదిలే నియమం మిగతా పది నెలలూ సున్నా దగ్గరే ఉంటుంది. దాన్ని తొలకరి దాటాకే చెరపాలి.